ఆటలో వేయడమా, ఆడనివ్వడమా?

నెల్లూరులోనైనా ఒంగోలులోనైనా తల్లిదండ్రుల మాటల్లో తరచుగా వినిపించే క్రియాపదం ఒకటుంది. పిల్లవాణ్ణి ట్యూషన్‌లో వేశామంటారు, అబాకస్‌లో వేశామంటారు, ఈ వేసవికి క్రికెట్‌లో వేశామంటారు. బడిలో వేయడమనే పాత మాటకు ఇవి కొనసాగింపులే కనుక పైకి ఇందులో తప్పుపట్టవలసినదేమీ కనిపించదు. కానీ ఆ వాక్యంలో కర్తలు పెద్దలే: ఆటను ఎంచేదీ, ఫీజు కట్టేదీ, మైదానానికి తీసుకువెళ్లేదీ, ఆరు నెలల తర్వాత ‘ఏమైనా వచ్చిందా’ అని అడిగేదీ వారే. పిల్లవాడు అందులో కర్మగా మాత్రమే మిగులుతాడు. పదేళ్లలోపు పిల్లలకు ఆటవల్ల కలిగే మేలు ఏమిటో, అది ఏ దారిన కలుగుతుందో కాస్త వివరంగా చూస్తే, ఆ వాక్యంలో కర్తను మార్చవలసిన అవసరం ఎంతుందో తెలుస్తుంది.

ముందు శరీరం సంగతి. ఐదేళ్ల పిల్లవాడికి నాలుగైదు అడుగుల దూరం నుంచి గుడ్డబంతిని మెల్లగా విసిరి చూస్తే, అతడు తరచుగా రెండు చేతులనూ కర్రల్లా ముందుకు చాచి నిలబడతాడు. బంతి దగ్గరికి రాగానే మొహం పక్కకు తిప్పి కళ్లు మూసుకుంటాడు. బంతి తగిలిన తర్వాత గానీ చేతులు మూయడు, అప్పటికి అది నేలమీద దొర్లుతూ ఉంటుంది. మరో ఏడాదికి బంతిని గుండెకు హత్తుకుని పట్టడం వస్తుంది. ఎనిమిది, తొమ్మిదేళ్లు వచ్చేసరికి చేతులు బంతి రాబోయే చోటికి ముందే చేరుకుంటాయి; వేళ్లతోనే పట్టి, ఆ ఊపు తగ్గేలా చేతులను కాస్త వెనక్కి లాక్కోవడం కూడా అలవడుతుంది. ఈ మార్పు అంతా ఎవరో నేర్పిన పాఠం కాదు. కదిలే వస్తువు వేగాన్నీ దిశనూ కంటితో అంచనా కట్టే శక్తి, ఆ అంచనాకు తగినట్లు చేతులను నడిపే నాడుల పొందిక ఈ వయసులో క్రమంగా ముదురుతాయి. సాధన ఆ ముదరడానికి తోడ్పడుతుంది తప్ప దాని స్థానాన్ని తీసుకోలేదు. ఐదేళ్లవాడు క్యాచ్ వదిలేసినప్పుడు శ్రద్ధ లేదని కసురుకోవడం, పళ్లు రానివాణ్ణి చెరకు నమలమనడం వంటిది.

అందుకే ఆరేళ్లు రాకముందు నియమాలూ జట్లూ ఉన్న ఆటల్లో శిక్షణ ఇప్పించడం వల్ల పెద్ద ప్రయోజనం లేదని పిల్లల వైద్యులు సాధారణంగా చెబుతారు. ఆ వయసుకు కావలసింది పరుగు, గెంతు, ఎక్కుడు, దొర్లుడు, విసురు. మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజు మొత్తంలో కనీసం 180 నిమిషాలు ఏదో ఒక విధంగా కదులుతూ ఉండాలని, అందులో 60 నిమిషాలైనా ఒళ్లు వేడెక్కేలా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఐదు నుంచి 17 ఏళ్ల వారికి రోజుకు సగటున 60 నిమిషాల చురుకైన శ్రమ ఉండాలని, వారంలో మూడు రోజులైనా ఎముకలకూ కండరాలకూ బలమిచ్చే పని అందులో కలవాలని 2020 మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఈ సూచనల్లో ఎక్కడా క్రికెట్ అనో బ్యాడ్మింటన్ అనో లేదు. శరీరానికి ఆట పేరుతో పని లేదు.

మన ఊళ్లలో ఈ కదలికలన్నిటికీ ఒకప్పుడు ఒక్కొక్క ఆట ఉండేది. తొక్కుడు బిళ్ళ ఒంటికాలి మీద తూకం నేర్పేది. ఏడు పెంకులాట గురి చూసి విసరడాన్నీ, విసిరిన మరుక్షణం దిశ మార్చి పరుగెత్తడాన్నీ కలిపి నేర్పేది. కోతికొమ్మచ్చి చేతులకూ భుజాలకూ పట్టునిచ్చేది. చెడుగుడులో ఊపిరి బిగబట్టడం, ఎదుటివాడి కదలికను ముందే పసిగట్టడం రెండూ ఉన్నాయి. తాటిబుర్రల బండి తోలుకుంటూ వీధి చివరిదాకా పరుగెత్తిన పిల్లవాడు తెలియకుండానే మైలు దూరం పూర్తి చేసేవాడు. పాత రోజులన్నీ మంచివని చెప్పడానికి ఇదంతా చెప్పడం లేదు. కోతికొమ్మచ్చిలో చేతులు విరిగినవారు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కదలికల వైవిధ్యం ఏ ఖర్చూ లేకుండా దొరికిన ఏర్పాటు అది, ఇప్పుడు దాన్ని పెద్దలు పూనుకుని కల్పించవలసి వస్తున్నదన్నదే ఇక్కడి విషయం. ఒకే ఆటను ఏడాది పొడవునా నేర్పే శిక్షణ కేంద్రం ఆ వైవిధ్యాన్ని ఇవ్వలేదు.

శిక్షణ కేంద్రం ఇచ్చేది ఎంతో ఒక లెక్క వేసి చూడవచ్చు. ఒక నెట్టు, ఒక కోచ్, 20 మంది పిల్లలు, గంట సమయం అనుకుందాం. అందరికీ సమానంగా పంచితే ఒక్కొక్కరి వాటాకు బ్యాటింగ్ మూడు నిమిషాలు. ప్యాడ్లు కట్టుకోవడం, విప్పడం పోను ఆ మూడు నిమిషాల్లో ఎదుర్కొనే బంతులు పది, పన్నెండుకు మించవు. మిగిలిన 57 నిమిషాల్లో కొంత బౌలింగ్ ఉండవచ్చు, ఎక్కువ భాగం వరుసలో నిలబడటమే. తన ఎత్తులో సగానికి పైగా ఉన్న కిట్ బ్యాగును ఈడ్చుకుంటూ తెల్లవారి ఆరు గంటలకే వచ్చిన ఏడేళ్లవాడు ఆ వరుసలో చొక్కా అంచు నములుతూ నిలబడి ఉండటం ఏ మైదానంలోనైనా కనిపించే దృశ్యమే. అతడికి ఆట మీద ఆసక్తి లేదనుకోవడం తొందరపాటు. అతడికి ఆట ఇంకా అందలేదు, అంతే.

అదే పిల్లవాడు సాయంత్రం వీధిలో, టేపు చుట్టిన టెన్నిస్ బంతితో ఆడేటప్పుడు గంటలో ఎన్ని వందల అడుగులు పరుగెత్తుతాడో ఎవరూ లెక్కించరు. పైగా అక్కడ నియమాలు పిల్లలే రాసుకుంటారు. గోడ దాటితే ఔటు, ఒక పిచ్ పడ్డాక ఒంటిచేత్తో పట్టినా ఔటు, సంఖ్య బేసి అయితే మిగిలినవాడు రెండు పక్షాలకూ ఆడే జోకరు. చిన్నవాడికి రెండు అవకాశాలు. తొండి ఆడినవాణ్ణి ఏం చేయాలన్నది అక్కడికక్కడే తేలాలి, తేలకపోతే ఆట ఆగిపోతుంది. వాదించడం, సర్దుకోవడం, ఓడినా మరునాడు మళ్లీ రావడం వంటివి అంపైరూ కోచూ ఉన్నచోట పిల్లల చేతికి రావు. వాటిని పెద్దలే చేసిపెడతారు. ‘వేయడం’ అన్న మాట ఇక్కడా ఉంది గానీ, ఎవరి వంతో తేల్చుకోవడానికి పంటలు వేసుకునేది మాత్రం పిల్లలే.

శిక్షణ అక్కర్లేదని దీని అర్థం కాదు. ఏడెనిమిదేళ్లు దాటిన పిల్లలకు మంచి కోచ్ దొరకడం అదృష్టమే, ముఖ్యంగా ఈత, జిమ్నాస్టిక్స్ వంటి వాటిలో తప్పుగా అలవాటైన కదలికను తర్వాత సరిదిద్దడం కష్టం. మంచి కోచ్‌ను గుర్తుపట్టడానికి గోడమీది పతకాల కంటే ఒక అరగంట గమనింపే మేలైన ఆధారం: పిల్లలు ఎంతసేపు కదులుతున్నారు, ఎంతసేపు నిలబడుతున్నారు, తప్పు చేసిన పిల్లవాడి వైపు కోచ్ నడిచి వెళ్తున్నాడా, దూరం నుంచే అరుస్తున్నాడా అన్నవి చూస్తే చాలు. చూడటానికి రానివ్వని చోటును వదిలేయడమే మంచిది.

ఒకే ఆటకు ఎప్పుడు కట్టుబడాలన్నది తల్లిదండ్రులను ఎక్కువగా వేధించే ప్రశ్న. అప్పటి ప్రకాశం జిల్లాలోని నాగండ్లలో 1973లో పుట్టి, 2001లో ఆల్ ఇంగ్లండ్ బ్యాడ్మింటన్ టైటిల్ గెలిచిన పుల్లెల గోపీచంద్‌కు చిన్నతనంలో మొదటి ఇష్టం క్రికెట్. అన్న ప్రోత్సాహంతో రాకెట్ పట్టుకున్నాడు. ఆయన శిష్యురాలు పి.వి. సింధు తల్లిదండ్రులిద్దరూ వాలీబాల్ క్రీడాకారులు; ఆమె ఎంచుకున్నది బ్యాడ్మింటన్. ఇద్దరు విజేతల కథలతో సూత్రం తయారుచేయడం సరి కాదు, ఎందుకంటే గెలవనివారి కథలు ఎవరూ చెప్పరు. అయినా ఆ ఇళ్లలో పిల్లల చుట్టూ ఒకటికి మించిన ఆటలు ఉన్నాయన్నది గమనించదగినది. జిమ్నాస్టిక్స్ వంటి కొన్ని మినహాయింపులను వదిలేస్తే, చాలా ఆటల్లో 15, 16 ఏళ్ల వరకు ఒకే ఆటకు పరిమితం కావలసిన అవసరం లేదన్నది క్రీడావైద్య నిపుణులలో బలంగా ఉన్న అభిప్రాయం.

ఈ అభిప్రాయానికి కారణం ఎముకల్లో ఉంది. పెరిగే పిల్లల పొడవాటి ఎముకల చివర్లలో మృదులాస్థి పొర ఒకటి ఉంటుంది; ఎముక పొడుగు సాగేది అక్కడే. ఆడపిల్లల్లో సుమారు 14, 15 ఏళ్లకు, మగపిల్లల్లో ఇంకో రెండేళ్లు ఆలస్యంగా అది గట్టిపడి మూసుకుంటుంది. అంతవరకు చుట్టూ ఉన్న కండరాల కంటే ఆ భాగమే బలహీనం. ఒకే భుజంతో రోజూ వందల బంతులు విసరడం, ఒకే కాలి మీద దూకి దిగడం వల్ల దెబ్బ తినేది అదే. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వారిలో మడమ వెనుక నొప్పి, పది నుంచి పదిహేనేళ్ల వారిలో మోకాలి చిప్ప కింద నొప్పితో కూడిన ఉబ్బు వైద్యులకు బాగా పరిచితమైనవి. వారాల తరబడి సాగే ఇటువంటి నొప్పిని ‘ఎదుగుదల నొప్పులే’ అని కొట్టిపారేసి ఆడించడం పొరపాటు. వారంలో ఆటకు పెట్టే గంటలు పిల్లవాడి వయసు అంకెను మించకూడదన్నది గుర్తుంచుకోవడానికి తేలికైన కొలత. ఎనిమిదేళ్లవాడికి ఎనిమిది గంటలు. వారంలో ఒకటి, రెండు రోజులు విరామం తప్పనిసరి. మరోవైపు, గెంతులు, పరుగులు ఉన్న ఆటలు కౌమారానికి ముందు ఎముకల గట్టిదనాన్ని పెంచుతాయి. ఆరుబయట వెలుగులో గడిపే సమయం హ్రస్వదృష్టి మొదలయ్యే అవకాశాన్ని తగ్గిస్తుందని పలు దేశాల పరిశోధనలు తేల్చాయి. నాలుగో తరగతిలోనే కళ్లజోడు పెట్టుకున్న పిల్లలతో నిండిన తరగతి గదులను చూసినవారికి ఈ రెండో విషయం చిన్నది కాదు.

ఇక కాలం. పిల్లలకు ఆటలను పరిచయం చేసే ఏర్పాటు మన జిల్లాల్లో ప్రధానంగా వేసవి శిక్షణ శిబిరాల రూపంలో ఉంది. అవి జరిగేది మే నెలలో. బడికి సెలవులు కనుక పాలనాపరంగా అది సౌకర్యం. శరీరానికి మాత్రం ఏడాదిలో అంతకంటే ప్రతికూలమైన నెల లేదు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయన్న మాట పుట్టిన నేల ఇది. మేలో 40 డిగ్రీలు దాటడం మామూలే. తీరాన మైపాడు, కొత్తపట్నం వైపు మధ్యాహ్నం దాటాక సముద్రపు గాలి కొంత ఊరటనిస్తుంది గానీ, పొదిలి, కనిగిరి వైపు పడమటి గాలి పొద్దుపోయేదాకా సెగలు కక్కుతూనే ఉంటుంది. నెలరోజుల శిబిరం ముగిసి బడి తెరవగానే ఆట కూడా ముగుస్తుంది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు. నెల్లూరు జిల్లాకు ఏడాదిలో ఎక్కువ వాన కురిసేది అప్పుడే, మైదానాలు నీళ్లు నిలిచి బురదమయమవుతాయి. ఈ ప్రాంతంలో ఆటకు నిజంగా అనువైన రోజులు సంక్రాంతి చుట్టుపక్కల మొదలై ఫిబ్రవరి దాకా సాగుతాయి. అప్పటికి బడుల్లో పరీక్షల హడావిడి అందుకుని డ్రిల్లు పీరియడ్ కాస్తా లెక్కల పీరియడ్‌గా మారిపోతుంది. ఆటలకు కేటాయించిన సమయం వల్ల మార్కులు తగ్గినట్లు పరిశోధనల్లో సాధారణంగా కనిపించలేదన్న సంగతి ఆ హడావిడిలో ఎవరి చెవికీ ఎక్కదు.

పంచాంగాన్ని మార్చడం ఒక్క కుటుంబం వల్ల కాదు గానీ, ఇంటి పద్ధతిని దానికి తగినట్లు దిద్దుకోవచ్చు. మార్చి చివరి నుంచి జూన్ దాకా ఉదయం ఎనిమిది లోపు, సాయంత్రం ఐదు దాటాకనే ఆరుబయట ఆట ఉండాలి. దాహం వేసేదాకా ఆగకుండా ప్రతి పావుగంటకూ, ఇరవై నిమిషాలకూ కొన్ని గుక్కల నీళ్లు తాగించాలి. గంట దాటితే ఉప్పు వేసిన మజ్జిగ మంచిది. ఆడుతున్న పిల్లవాడికి తలనొప్పి, వికారం, పిక్కలు పట్టేయడం మొదలైతే ఆట ఆపి నీడకు చేర్చి ఒళ్లు తడపాలి. మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా అది వడదెబ్బ. ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. కనిగిరి ప్రాంతంలో ఇంకో జాగ్రత్త అవసరం. అక్కడి భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ సమస్య పాతది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడ్ నీటిని ఏళ్ల తరబడి తాగితే పళ్లు, ఎముకలు దెబ్బతింటాయి. ఆడే పిల్లలు ఎక్కువ నీళ్లు తాగుతారు కనుక మైదానం పక్కనున్న చేతిపంపు మీద ఆధారపడకుండా శుద్ధిచేసిన నీళ్ల సీసా ఇంటి నుంచే పంపడం మేలు.

నాలుగు అడుగులు పరుగెత్తగానే కూర్చుండిపోయే పిల్లవాడిని బద్ధకస్తుడని ముద్రవేసే ముందు రక్తపరీక్ష చేయించడం న్యాయం. ఆంధ్రప్రదేశ్‌లో ఐదేళ్లలోపు పిల్లల్లో సగానికి పైగా రక్తహీనతతో ఉన్నట్లు జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. నులిపురుగుల మాత్ర, బెల్లం, ఆకుకూరలు, గుడ్డు, వైద్యుడు చెబితే ఐరన్ మందు పడిన రెండు మూడు నెలలకు అదే పిల్లవాడు ఇంట్లో కుదురుగా కూర్చోవడం లేదన్న ఫిర్యాదు వినిపించవచ్చు.

ఆటల్లో తప్పనిసరి అనదగినది ఒక్కటే: ఈత. ఒకవైపు సముద్రం, మధ్యలో పెన్నా, దానిలో ఇసుక తవ్విన గుంతలు, ఊరూరా చెరువులు, సాగునీటి కాలువలు ఉన్న చోట ఈతను అభిరుచిగా కాక ప్రాణరక్షణగా లెక్కించాలి. నడుముకు ఎండు సొరకాయ బుర్రలు కట్టి దిగుడుబావిలో ఈత నేర్పిన తరం దాన్ని అలాగే లెక్కించింది. ఇప్పుడు నేర్పేవారూ, లోతు తెలిసిన నీళ్లూ ఉన్న చోట నేర్పించాలి; నేర్చుకున్నాక కూడా సముద్రంలో పిల్లలను ఒంటరిగా వదలకూడదు.

పిల్లవాడు బడి జట్టుకు ఎంపిక కాకపోయినప్పుడు ఇంట్లో జరిగే చర్చకు ఒక లెక్క ఉపయోగపడుతుంది. 14 ఏళ్లలోపు విభాగానికి జనవరి 1ని కొలతగా తీసుకుంటే, జనవరిలో పుట్టినవాడూ అదే ఏడాది డిసెంబరులో పుట్టినవాడూ ఒకే వరుసలో నిలబడతారు. పదేళ్ల వయసులో పదకొండు నెలల తేడా అంటే ఎత్తులో నాలుగైదు సెంటీమీటర్లు, బలంలోనూ దానికి తగ్గ వ్యత్యాసం. ఎంపిక చేసేవారి కంటికి ముందు పుట్టినవాడు ప్రతిభావంతుడుగా కనిపిస్తాడు, జట్టులో చేరుతాడు, ఎక్కువ ఆడతాడు, నిజంగానే మెరుగవుతాడు. అనేక దేశాల యువ జట్లలో ఈ పక్షపాతాన్ని పరిశోధకులు గమనించారు. మన దగ్గర ఇంకో చిక్కు ఉంది: బడిలో చేర్చే రోజున పంతులుగారు వేసిన పుట్టినరోజే అసలు పుట్టినరోజుగా చలామణీ అయిన తరాలు ఇంకా మన మధ్యనే ఉన్నాయి, వయసు తగ్గించి రాయించే అలవాటు పూర్తిగా పోలేదు. పదేళ్లకు ఎదురైన తిరస్కరణలో పిల్లవాడి లోపం కంటే క్యాలెండరు పాత్రే ఎక్కువ ఉండే అవకాశం ఉంది.

ఆడపిల్లల విషయంలో సమస్య ఎంపిక కంటే ముందే మొదలవుతుంది. పదేళ్ల వరకు ఖోఖోలో అబ్బాయిలను చుట్టేసిన పిల్ల పన్నెండేళ్లకు మైదానం అంచున చున్నీ సవరించుకుంటూ నిలబడుతుంది. మైదానంలో మరుగుదొడ్డి లేకపోవడం, చీకటిపడ్డాక తీసుకురావడానికి ఎవరూ లేకపోవడం, ‘ఎండకు నల్లబడుతుంది’ అనే బంధువుల మాట ఇందుకు కారణాలు. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన తొలి ఖోఖో ప్రపంచకప్‌ను భారత పురుషుల జట్టుతో పాటు మహిళల జట్టూ గెలిచింది. ఆ గెలుపును టీవీలో చూసి చప్పట్లు కొట్టిన ఇళ్లలో ఎన్ని తమ పిల్లకు ట్రాక్‌సూటు కొన్నాయన్నది వేరే ప్రశ్న.

డబ్బు, భవిష్యత్తు అన్నవి చివరికి రాక తప్పవు. ధనవంతులు కాకపోతే, కుటుంబ వ్యాపారం లేకపోతే పిల్లలను ఆటల్లోకి పంపవద్దని తాను తల్లిదండ్రులకు చెబుతానని గోపీచంద్ 2025 ఫిబ్రవరిలో అన్నప్పుడు చాలామంది నొచ్చుకున్నారు. ఆయన మాట్లాడింది ఆటను జీవనోపాధిగా ఎంచుకునేవారి గురించి, రిటైరైన తర్వాత వారికి ఏ ఆధారమూ లేకపోవడం గురించి. దాన్ని ఆరేళ్లవాడి సాయంత్రపు ఆటకు అన్వయించడం తప్పు. ఆరేళ్లవాడి ఆటను ఆ జీవనోపాధికి తొలిమెట్టుగా చూడటం కూడా అంతే తప్పు. గంట ఆటకు ఒక బంతి చాలు. పల్లేరుకాయలు లేని కాస్త నేల ఉంటే ఇంకా మంచిది, మరి దానికే కరువు వచ్చింది. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. అపార్టుమెంటు వంటి భవనంలో ఐదంతస్తుల్లో నడిచే బడిలో పిల్లవాణ్ణి చేర్చే రోజున ఫీజుల పట్టికతో పాటు ఆ సంగతి కూడా అడిగే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

మైదానం నుంచి ఇంటికి వచ్చే దారిలో, బండి వెనుక కూర్చున్న పిల్లవాడికి వినిపించే మొదటి ప్రశ్నకు చాలా బరువుంటుంది. ‘ఎన్ని కొట్టావు’ అని రోజూ అడిగితే, కొట్టని రోజున వాడు మాట్లాడడు. కొన్నాళ్లకు కడుపునొప్పి అంటాడు, తర్వాత మానేస్తానంటాడు. మానేస్తాననగానే కట్టిన ఫీజు గుర్తుచేయడం సహజం గానీ, కారణం తెలుసుకోవడం ముందు పని. పెద్ద పిల్లలు ఏడిపిస్తున్నారా, గట్టి బంతి అంటే భయమా, కోచ్ అందరిముందూ తిట్టాడా, లేక నిజంగానే ఆ ఆట నచ్చలేదా అన్నది నిలదీసి అడిగితే తెలియదు. రెండు, మూడు రోజులు వేరే మాటల మధ్య వాడే చెబుతాడు. మొదటి మూడు కారణాలకూ పరిష్కారాలు వేర్వేరు. నాలుగోదే అయితే మొదలుపెట్టిన నెల పూర్తిచేయించి మాన్పించవచ్చు. ఆ తర్వాత ఒక సాయంత్రం అదే పిల్లవాడు దారిలో వాలీబాల్ నెట్టు వైపు మెడ తిప్పి చూస్తున్నట్లు అనిపిస్తే, ఏమీ అడగకుండా బండి కాసేపు అక్కడ ఆపితే సరిపోతుంది.